ఆఫర్ లెటర్ చేతికి వచ్చేలోపు ఎన్ని ఇంటర్వ్యూలకు సిద్ధపడాలి?

ఇంజనీరింగ్ ముగించి అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నవారైనా, మాదాపూర్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తూ కంపెనీ మారాలనుకుంటున్నవారైనా, ఉద్యోగ ప్రయత్నం మొదలుపెట్టిన కొద్ది వారాలకే అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంకా ఎన్ని ఇంటర్వ్యూలు ఇస్తే ఆఫర్ వస్తుంది? దీనికి స్నేహితులు చెప్పే సమాధానాలకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. ఒకరికి రెండో ఇంటర్వ్యూకే ఉద్యోగం వచ్చి ఉంటుంది, మరొకరు ముప్పై దాటినా ఇంకా తిరుగుతూనే ఉంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు, అయినా ఆ రెండు సంఖ్యలూ మీకు పనికిరావు. మీ సంఖ్యను మీ ప్రయత్నాల నుంచే లెక్కగట్టుకోవాలి. ఆ లెక్కకు ఇంటర్మీడియట్‌లో చదివిన సంభావ్యత పాఠం చాలు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలను ప్రధాన ఉదాహరణగా తీసుకుని, ఆ లెక్క వేసుకునే పద్ధతినీ, వచ్చిన సంఖ్యను తగ్గించుకునే మార్గాలనూ ఇక్కడ వివరిస్తాను.

దేనిని ఒక ఇంటర్వ్యూగా లెక్కించాలి

సమాధానాలు పొంతన లేకుండా ఉండటానికి మొదటి కారణం, ఒక్కొక్కరు ఒక్కో దానిని లెక్కపెట్టడం. ఒక కంపెనీలో ఎల్1, ఎల్2 అనే రెండు సాంకేతిక రౌండ్లు, ఆ తరువాత మేనేజర్ రౌండ్, చివరికి హెచ్ఆర్ రౌండ్ ఉంటాయి. ఇతర సంస్థలకు పని చేసిపెట్టే సర్వీసు కంపెనీ అయితే వీటికి తోడు, ఆ పని చేయించుకునే సంస్థ జరిపే క్లయింట్ రౌండ్ కూడా ఉండవచ్చు. వీటన్నింటినీ విడివిడిగా లెక్కించినవారు ఐదు ఇంటర్వ్యూలు ఇచ్చామంటారు, కంపెనీని లెక్కించినవారు ఒకటే అంటారు. అమెరికాలోని పెద్ద కంపెనీలలో ఫోన్ మీద ఒక సంభాషణ అయిన తరువాత నాలుగైదు ఇంటర్వ్యూలను ఒకే రోజున వరుసగా జరపడం వాడుక కనుక, అక్కడ ఈ తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

రౌండ్లను కాకుండా కంపెనీలను లెక్కించడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఆఫర్ ఇచ్చేది కంపెనీ. రౌండ్లు ఆ దారిలోని మెట్లు మాత్రమే. అలాగే ప్రస్తుత జీతం ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీసు పీరియడ్ (రాజీనామా తరువాత పాత కంపెనీలో పనిచేయవలసిన కాలం) ఎన్ని రోజులు, ఏ ఊరిలో పనిచేయగలరు అని రిక్రూటర్ అడిగి పెట్టేసే ఐదు నిమిషాల ఫోన్‌ను ఇంటర్వ్యూగా లెక్కించకూడదు. మీ విషయ పరిజ్ఞానాన్ని పరీక్షించే మొదటి రౌండ్‌కు మీరు కూర్చున్నప్పుడే ఆ కంపెనీ మీ లెక్కలోకి వస్తుంది. కళాశాల నుంచి కొత్తగా వచ్చినవారికి సాధారణంగా ఆన్‌లైన్ పరీక్షే మొదటి వడపోత కనుక, వారి విషయంలో ఆ పరీక్ష నుంచే లెక్క మొదలవుతుంది.

ఇంట్లో చెప్పేటప్పుడు కూడా ఈ పద్ధతే మేలు. మొదటి రౌండ్ దాటామని అమ్మానాన్నలకు చెబితే, సాయంత్రానికల్లా ఆ మాట బంధువులలో ఉద్యోగం వచ్చినంతగా పాకిపోతుంది, మరునాటి నుంచి జాయినింగ్ ఎప్పుడనే ప్రశ్నలు మొదలవుతాయి.

లెక్క వేసే పద్ధతి

మూడేళ్ల అనుభవం ఉన్న జావా డెవలపర్‌ను ఊహించుకుందాం. ఎల్1 రౌండ్‌ను ఆమె రెండుసార్లకు ఒకసారి దాటగలదు, దాటిన వాటిలో ఎల్2ను కూడా సగం సార్లు దాటగలదు, మేనేజర్, హెచ్ఆర్ రౌండ్లు రెండూ కలిపి ఐదింటిలో నాలుగుసార్లు సాఫీగా ముగుస్తాయి అనుకుందాం. 0.5ను 0.5తో, ఆ వచ్చినదాన్ని 0.8తో గుణిస్తే 0.20 వస్తుంది. అంటే ఒక్కో కంపెనీలో ఆమెకు ఆఫర్ వచ్చే అవకాశం ఐదింటికి ఒకటి, సగటున ఐదు కంపెనీలకు ఒక ఆఫర్.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సగటు ఐదు అంటే ఐదో ఇంటర్వ్యూకు ఆఫర్ వచ్చి తీరుతుందని కాదు. ప్రతి కంపెనీలోనూ రాకపోయే అవకాశం 0.8 కనుక, వరుసగా ఐదింటిలోనూ రాకపోయే అవకాశం 0.8ను ఐదుసార్లు గుణిస్తే వచ్చే 0.33. అంటే ఇదే స్థాయిలో ఉన్న ముగ్గురు అభ్యర్థులలో ఒకరు ఐదు ఇంటర్వ్యూల తరువాత కూడా చేతిలో ఏమీ లేకుండా ఉంటారు, వారిలో లోపం ఏదీ లేకపోయినా సరే. నూటికి తొంభై పాళ్లు నమ్మకంగా ఒక ఆఫర్ రావాలంటే ఆమె 11 కంపెనీలకు సిద్ధపడాలి. మూడింటికి ఒకటి వచ్చే అభ్యర్థికి ఆ సంఖ్య 6, పదింటికి ఒకటి వచ్చే అభ్యర్థికి 22, ఇరవైకి ఒకటి అయితే 45. కాలిక్యులేటర్ దగ్గర లేకపోతే, సగటును రెట్టింపు చేసి పైన కాస్త కలుపుకుంటే చాలు. మనసును సగటుకు సిద్ధం చేసుకోవద్దు, ఈ రెండో సంఖ్యకు సిద్ధం చేసుకోవాలి. డబ్బునూ, సెలవులనూ కూడా దాని ప్రకారమే సర్దుకోవాలి.

క్యాంపస్ బయట ప్రయత్నిస్తున్న కొత్త పట్టభద్రుడి లెక్క దీనికి భిన్నంగా ఉంటుంది. ఆన్‌లైన్ పరీక్షను వందకు నలభైసార్లు, సాంకేతిక ఇంటర్వ్యూను ముప్పై ఐదుసార్లు, హెచ్ఆర్ రౌండ్‌ను తొంభైసార్లు దాటగలడనుకుంటే, మొత్తం మీద దాదాపు ఎనిమిదింటికి ఒకటి. తొంభై పాళ్ల నమ్మకానికి 18 కంపెనీలు కావాలి. ఇక్కడ చెప్పిన శాతాలన్నీ పద్ధతి చూపడానికి నేను ఎంచుకున్నవి. మీ శాతాలు, మీరు ప్రతి ఇంటర్వ్యూ వివరాలూ రాసుకునే పుస్తకంలో నుంచి రావాలి.

ఈ లెక్కలో ఒక బలహీనత ఉంది. అష్టాచెమ్మలో ఇంతకుముందు ఎన్నిసార్లు అష్టా పడలేదో గవ్వలకు గుర్తుండదు కాబట్టి వాటి అవకాశం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. అభ్యర్థికి మాత్రం అన్నీ గుర్తుంటాయి. అడిగిన ప్రశ్నలను ఆ రాత్రే రాసుకుని చదివినవారి అవకాశం పదో కంపెనీ నాటికి పెరుగుతుంది. అదే వారంలో ఆరు ఇంటర్వ్యూలు పెట్టుకుని, తిండీ నిద్రా లేకుండా, ఒక్కో తిరస్కారంతో గొంతులో ధైర్యం తగ్గించుకుంటూ వెళ్లినవారికి అది తగ్గుతుంది. కనుక ఐదారు కంపెనీలకు ఒకసారి శాతాలను మళ్లీ లెక్కించుకోవాలి.

పుస్తకం ఎలా రాయాలి

ఎక్సెల్ షీటైనా, రెండు వందల పేజీల నోటు పుస్తకమైనా ఫరవాలేదు. కంపెనీ పేరు, పోస్టు, పిలుపు ఎక్కడి నుంచి వచ్చింది (నౌకరీ, లింక్డిన్, తెలిసినవారి రిఫరల్, కన్సల్టెన్సీ), ఏ తేదీన ఏ రౌండ్, ఏ రౌండ్‌లో ఆగింది, సమాధానం చెప్పలేకపోయిన ప్రశ్నలు ఏవి — ఇంతకు మించి అక్కరలేదు. చివరి గడి అన్నింటికంటే ముఖ్యమైనది, దాన్ని నింపడమే అన్నింటికంటే విసుగు పుట్టించేది కూడా. ఇంటర్వ్యూ ముగిసిన గంటలోపు రాయకపోతే, చెప్పలేకపోయిన ప్రశ్నలను మనసు తనంతట తానే మరిచిపోతుంది, బాగా చెప్పినవే గుర్తుంటాయి.

ఐదారు కంపెనీల వివరాలు పోగైన తరువాత ఎక్కడ ఆగిపోతున్నారో చూడాలి. అసలు పిలుపులే రాకపోతే అది ఇంటర్వ్యూ సమస్య కాదు. ఇంటర్వ్యూ ప్రశ్నలు ఎన్ని చదివినా అది తీరదు. రెజ్యూమెలో పోస్టుకు కావలసిన నైపుణ్యాల పేర్లు ఉన్నాయా, నౌకరీ ప్రొఫైల్‌ను ఈమధ్య తాజా చేశారా, ఆశించే జీతం మార్కెట్‌కు దూరంగా ఉందా, నోటీసు పీరియడ్ గడిలో 90 రోజులు అని ఉన్నందున వెతుకులాటలోనే పక్కకు పోతున్నారా అన్నవి చూసుకోవాలి. రిఫరల్ వల్ల ఒరిగే మేలు కూడా ఈ దశలోనిదే. అది రెజ్యూమెను ఒక మనిషి కళ్లబడేలా చేస్తుంది, ఎల్1లో మాత్రం మీ బదులు సమాధానం చెప్పదు.

ఎల్1లో ఆగిపోతున్నవారికి నేను చెప్పేది కాస్త మొరటుగా ఉంటుంది: పునాదులు చదవలేదు. ఉద్యోగులలో రెండో అత్యధిక జీతం ఎవరిదో తెలిపే ఎస్‌క్యూఎల్ క్వెరీ, హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుంది, అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకూ ఇంటర్‌ఫేసుకూ తేడా వంటి ప్రశ్నలు ఏళ్ల తరబడి ఒకే రూపంలో వస్తున్నాయి. ఇవి తెలిసినంత మాత్రాన ఉద్యోగం రాదు కానీ, ఇవి తెలియకపోతే రెండో రౌండ్ చూడటం కష్టం. ఈ దశలో మెరుగుదల త్వరగా వస్తుంది, దాని ఫలితమూ పెద్దది. పై ఉదాహరణలోని డెవలపర్ ఎల్1లో 50 నుంచి 75 శాతానికి చేరితే, మిగిలినవేవీ మారకపోయినా ఒక్కో కంపెనీలో అవకాశం 0.20 నుంచి 0.30కి పెరుగుతుంది; తొంభై పాళ్ల నమ్మకానికి కావలసిన కంపెనీలు 11 నుంచి 7కు తగ్గుతాయి. అదే ఆమె మేనేజర్, హెచ్ఆర్ రౌండ్ల మీద శ్రమించి వాటిని నూటికి నూరు చేసుకున్నా అవకాశం 0.25 దగ్గరే ఆగుతుంది. ఏ మెట్టు మీద ఎక్కువసార్లు ఆగిపోతున్నారో ఆ మెట్టు మీద పెట్టిన శ్రమకే ఫలితం ఎక్కువ. అయినా చాలామంది తమకు ఇష్టమైన, ఇప్పటికే వచ్చిన భాగాన్నే మళ్లీ మళ్లీ చదువుతుంటారు.

ఎల్2లో ఆగిపోతుంటే కారణం తరచుగా ప్రాజెక్టు. రెజ్యూమెలో రాసుకున్న ప్రాజెక్టులో మీరు స్వయంగా ఏ భాగం చేశారు, ఆ డేటాబేస్‌నే ఎందుకు ఎంచుకున్నారు, లైవ్‌లో సమస్య వచ్చినప్పుడు ఎలా కనిపెట్టారు అని లోతుకు వెళ్లే కొద్దీ, బృందం చేసిన పనిని తన పనిగా రాసుకున్న అభ్యర్థి తడబడతాడు. దీనికి విరుగుడు రెజ్యూమెలో నుంచి తెలియనివాటిని తీసివేయడం. ఐదు టెక్నాలజీల పేర్లు తగ్గితే పిలుపులు కొన్ని తగ్గవచ్చు, వచ్చిన పిలుపులు మాత్రం ముందుకు సాగుతాయి. కొత్త పట్టభద్రులకు కూడా ఇదే వర్తిస్తుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కున్న సంగతి రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

మేనేజర్, హెచ్ఆర్ రౌండ్లలో ఆగడం తక్కువ. ఆగితే జీతం, ఊరు, వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, మధ్యలో ఖాళీగా ఉన్న కాలానికి కారణం వంటివి ముందే స్పష్టంగా చెప్పకపోవడమే కారణమై ఉంటుంది.

ఇక అన్ని రౌండ్లూ అయి, ఎంపికయ్యారని నోటిమాటగా చెప్పి, ఆ తరువాత ఆఫర్ విడుదల చేయకుండా ఊరుకునే కంపెనీల సంగతి. పోస్టును హోల్డ్‌లో పెట్టడం, బడ్జెట్ అనుమతి రాకపోవడం, మీకంటే తొందరగా చేరగల మరొకరు దొరకడం దీనికి కారణాలు కావచ్చు. వీటిని కంపెనీల లెక్కలో చేర్చండి, ఎందుకంటే ఆఫర్ రాలేదన్నది వాస్తవం. మీ లోపాల లెక్కలో మాత్రం చేర్చకండి. హెచ్ఆర్‌కు ఒక్క మెయిల్ పంపి, మరో వారం చూసి, సమాధానం లేకపోతే పుస్తకంలో ఆ కంపెనీ వరుసను మూసివేయాలి.

కాలంతో ముడిపడిన లెక్క

సంఖ్య తెలిసిన తరువాత వారాలు లెక్కించాలి. ఉద్యోగం చేస్తూ ప్రయత్నించేవారు ఉదయం ఆఫీసుకు ముందో, సాయంత్రం ఏడు తరువాతో, శనివారమో ఇంటర్వ్యూలు పెట్టుకోవలసి ఉంటుంది కనుక, వారానికి రెండు కొత్త కంపెనీలకు మించి మొదలుపెట్టడం తెలివైన పని కాదు. మొదటి రౌండ్ నుంచి ఆఫర్ వరకు ఒక్కో కంపెనీకి మూడు వారాలు పడుతుందనుకుంటే, 11 కంపెనీలకు ఎనిమిది తొమ్మిది వారాలు. పండుగలు, అనారోగ్యం, వాయిదాలు కలుపుకుంటే మూడు నెలలు అనుకోవచ్చు.

భారతదేశంలోని చాలా పెద్ద ఐటీ కంపెనీలలో నోటీసు పీరియడ్ కూడా సరిగ్గా అంతే, 90 రోజులు. దీనివల్ల ఇక్కడి ఉద్యోగ వేటకు ఒక విచిత్రమైన స్వభావం వచ్చింది. మూడు నెలలు ఆగలేని కంపెనీలు నోటీసులో ఉన్నారా, చివరి పనిదినం ఎప్పుడు అని మొదటి ఫోన్‌లోనే అడుగుతాయి. ఆ ప్రశ్నకు భయపడి కొందరు చేతిలో ఆఫర్ లేకుండానే రాజీనామా చేస్తారు. ఒక ఆఫర్ తీసుకున్నవారు మిగిలిన నోటీసు కాలంలో అంతకంటే పెద్ద ఆఫర్ కోసం ఇంటర్వ్యూలు కొనసాగిస్తారు. ఎంపికైనవారిలో కొందరు చేరరని కంపెనీలకూ తెలుసు కనుక, అవి ఒక పోస్టుకు ఒకరికంటే ఎక్కువ మందిని చివరి వరకు తీసుకువస్తాయి. మీరు అన్ని రౌండ్లూ బాగా చేసినా ఆఫర్ రాని సందర్భాలలో కొన్నింటికి మూలం ఈ చక్రంలోనే ఉంది.

ఆఫర్ లేకుండా రాజీనామా చేయవచ్చా అన్న ప్రశ్నకు మీ పుస్తకమే సమాధానం చెప్పాలి. ఉద్యోగంలో ఉండగానే ఐదారు కంపెనీలకు హాజరై, కనీసం రెండింటిలో చివరి రౌండ్ వరకు వెళ్లగలిగినవారు, నోటీసు కాలం దాటాక మరో మూడు నాలుగు నెలలకు సరిపడే డబ్బు కూడా ఉంటే, ఆ సాహసం చేయవచ్చు. ఒక్క ఇంటర్వ్యూ కూడా ఇవ్వకుండా, మార్కెట్ బాగుందని ఎవరో చెప్పిన మాట మీద రాజీనామా చేయడం తగదు. ఇంటి రుణం వాయిదాలు నడుస్తున్నవారు అసలే తొందరపడకూడదు.

మార్కెట్ ఏడాదికొక తీరుగా ఉంటుందన్నది మరవరాదు. 2022 జూన్‌తో ముగిసిన పన్నెండు నెలల్లో ఇన్ఫోసిస్‌ను తమంతట తాము విడిచివెళ్లిన ఉద్యోగుల రేటు 28.4 శాతం, ఆ రోజుల్లో కంపెనీలే అభ్యర్థుల వెంటపడ్డాయి. 2023–24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ సిబ్బంది సంఖ్య 13,249 మేర తగ్గింది. ఈ రెండు కాలాలలో ఒకే నైపుణ్యం ఉన్న ఒకే మనిషికి కావలసిన ఇంటర్వ్యూల సంఖ్య ఒకటి కాజాలదు. కాబట్టి 2021లో మూడో ఇంటర్వ్యూకే ఆఫర్ తెచ్చుకున్న సీనియర్ సలహాను గౌరవంగా విని, ఆయన సంఖ్యను మాత్రం పక్కన పెట్టాలి.

అమెరికాలో చదువు ముగించి ఓపీటీ (చదువు తరువాత అక్కడ కొంతకాలం పనిచేసేందుకు విద్యార్థులకిచ్చే అనుమతి) మీద ఉద్యోగం వెతుకుతున్న తెలుగు విద్యార్థులకు కాలం ఇంకా ఇరుకైనది. ఓపీటీ మొదలైన తేదీ నుంచి మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండరాదు. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికిచ్చే స్టెమ్ పొడిగింపు పొందినవారికి ఈ పరిమితి అంతా కలిపి 150 రోజులు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి ఉద్యోగం కోల్పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఒకదాని ఫలితం తేలాక మరొకటి మొదలుపెట్టే పద్ధతి ఇటువంటివారికి సరిపోదు. ఒకేసారి ఏడెనిమిది కంపెనీల ప్రక్రియలు నడుస్తుండాలి, ఓపీటీ వారైతే ప్రారంభ తేదీకి కొన్ని నెలల ముందు నుంచే.

ఏ కంపెనీ ముందు, ఏది తరువాత

ఎంతో ఇష్టపడే కంపెనీని మొట్టమొదటి ఇంటర్వ్యూగా పెట్టుకోకండి. మూడు నాలుగేళ్లుగా ఇంటర్వ్యూ ముఖం చూడనివారికి మొదటి రెండు మూడు తడబాటులోనే గడుస్తాయి. చాలా కంపెనీలు ఒకసారి తిరస్కరించిన అభ్యర్థిని మళ్లీ ఆరు నెలలో, ఏడాదో గడిస్తే తప్ప పిలవవు కనుక, ఆ తడబాటుకు మూల్యం ఎక్కువ. చేరడానికి అభ్యంతరం లేని మధ్యస్థ కంపెనీలతో మొదలుపెట్టి, ఎల్1 స్థిరంగా దాటుతున్నారని పుస్తకం చెప్పిన తరువాత పెద్ద కంపెనీలకు వెళ్లాలి. ఎన్నటికీ చేరబోని కంపెనీకి కేవలం సాధన కోసం వెళ్లడం మాత్రం నాకు నచ్చదు. అవతల కూర్చున్నవారి సమయం కూడా సమయమే, ఆ సాధనకు స్నేహితులతో జరిపే మాక్ (నమూనా) ఇంటర్వ్యూ చాలు.

ముందుగా సమయం తీసుకోకుండా నేరుగా హాజరయ్యే శనివారపు వాక్-ఇన్ డ్రైవ్‌లను జాగ్రత్తగా ఎంచుకోవాలి. గచ్చిబౌలిలో ఉదయం తొమ్మిదికి వరుసలో నిలబడి, సాయంత్రం నాలుగుకు పది నిమిషాల ఇంటర్వ్యూ ఇచ్చి రావడం కొత్తవారికి ఒకటి రెండుసార్లు అనుభవంగా పనికివస్తుంది, అదే అలవాటుగా మారితే చదువుకునే ఒక్క రోజూ చేజారుతుంది. రౌండ్లు ఏడెనిమిదికి చేరినప్పుడు, ఇంకా ఎన్ని ఉన్నాయని రిక్రూటర్‌ను మర్యాదగా అడగడంలో తప్పు లేదు. గూగుల్ తన నియామకాలను తానే విశ్లేషించుకుని, నాలుగు ఇంటర్వ్యూలతోనే 86 శాతం విశ్వాసంతో నిర్ణయానికి రావచ్చని, ఆపైన జరిపే వాటి వల్ల పెద్దగా తెలిసేది లేదని తేల్చుకుంది. ఆ స్థాయి కంపెనీకి నాలుగు సరిపోయినప్పుడు మిగిలినవారికి ఎనిమిది ఎందుకో నాకు అర్థం కాదు.

క్యాంపస్‌లో ఉన్నవారికి ఈ ఎంపిక స్వేచ్ఛ తక్కువ. అరవై శాతం మార్కులు, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం వంటి అర్హతలు కంపెనీలే పెడతాయి. ఒక ఆఫర్ వచ్చిన విద్యార్థిని తరువాతి కంపెనీలకు కూర్చోనివ్వని నియమం అనేక కళాశాలలలో ఉంది. కనుక వారి సంఖ్య చిన్నది, పరీక్ష దశలోని వడపోత పెద్దది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న పట్టభద్రులలో పలువురు జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. తేదీ ఖరారయ్యే వరకు చదువు ఆపకూడదు.

ప్రభుత్వ ఉద్యోగాల తీరు పూర్తిగా వేరు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ బి నాన్-గెజిటెడ్, గ్రూప్ సి పోస్టులకు ఇంటర్వ్యూలను తొలగించింది; 2022లో తెలంగాణ గ్రూప్-1కు కూడా ఇంటర్వ్యూ లేకుండానే నోటిఫికేషన్ వచ్చింది. సివిల్ సర్వీసెస్‌లో ఇంటర్వ్యూకు 2025 మార్కులలో 275 ఉంటాయి, ఖాళీలకు సుమారు రెండింతల మందిని పిలుస్తారు. ప్రభుత్వ బ్యాంకుల కోసం ఐబీపీఎస్ సంస్థ జరిపే ప్రొబేషనరీ ఆఫీసర్ ఎంపికలో రాత పరీక్షకు 80, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. ఇక్కడ ఏడాదికి వచ్చే ఇంటర్వ్యూ ఒకటే కనుక, పైన చెప్పిన లెక్కను ఇంటర్వ్యూలకు కాకుండా ప్రయత్నాలకూ, అనుమతించిన వయసుకూ అన్వయించుకోవాలి.

సంఖ్య దాటిపోయినప్పుడు

తొంభై పాళ్ల సంఖ్యను కూడా దాటి ఆఫర్ రాకపోతే, పదిమందిలో ఒకరికి అలా జరుగుతుందన్నది లెక్కలోనే ఉంది. అయితే మీరు వేసుకున్న శాతాలు అసలు కంటే ఎక్కువగా ఉండే అవకాశమే బలమైనది. రెండు వారాలు కొత్త ఇంటర్వ్యూలు ఆపి, పుస్తకంలోని చెప్పలేకపోయిన ప్రశ్నల గడిని మొదటి నుంచి చివరి వరకు చదివి, ఆ రంగంలో పనిచేస్తున్న ఒకరితో గంటసేపు మాక్ ఇంటర్వ్యూ చేయించుకోవాలి. మొహమాటం లేకుండా మాట్లాడే మనిషిని ఎంచుకోండి. స్నేహం కొద్దీ బాగా చెప్పావనేవారి వల్ల ఈ పని జరగదు.

అలసిపోయిన ఈ సమయంలోనే డబ్బు తీసుకుని బ్యాక్‌డోర్ (దొడ్డిదారి) ఉద్యోగం ఇప్పిస్తామనేవారూ, లేని అనుభవానికి పత్రాలు చేసి ఇస్తామనేవారూ, మీ బదులు తెర వెనుక నుంచి ప్రాక్సీగా సమాధానాలు చెబుతామనేవారూ ఎదురవుతారు. ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి నుంచి డబ్బు తీసుకునే కంపెనీని నమ్మరాదు. హైదరాబాద్‌లో ఇలా లక్షలు పోగొట్టుకుని పోలీసులను ఆశ్రయించిన సంఘటనలు మళ్లీ మళ్లీ వార్తలలో వస్తూనే ఉన్నాయి. నకిలీ అనుభవం విషయానికి వస్తే, ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలకు ఉద్యోగికిచ్చే యూఏఎన్ సంఖ్య కింద ఏ సంస్థ ఏ నెల నుంచి ఏ నెల వరకు ప్రావిడెంట్ ఫండ్ జమచేసిందో కనిపిస్తుంది కనుక, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది దొరికిపోతుంది, చేరిన తరువాత బయటపడినా ఉద్యోగం పోతుంది.

చివరిగా, లెక్కను ఎప్పుడు ఆపాలో కూడా తెలిసి ఉండాలి. ఎంపికయ్యారన్న ఫోన్ వచ్చినప్పుడు కాదు. జీతం వివరాలు, పని చేయవలసిన ఊరు, జాయినింగ్ తేదీ ఉన్న ఆఫర్ లెటర్ కంపెనీ అధికారిక మెయిల్ నుంచి వచ్చినప్పుడే. మొత్తం ప్యాకేజీలో స్థిరమైన జీతం ఎంత, పనితీరును బట్టి ఇచ్చేది ఎంత, మొదటి ఏడాదికి మాత్రమే పరిమితమైన జాయినింగ్ బోనస్ ఎంత అన్నవి విడదీసి చూసుకోవాలి. కొత్త కంపెనీ నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో, ఇంతకాలం మానకూడదనే బాండ్ ఏదైనా ఉందో అందులోనే చదవాలి. మిగిలిన కంపెనీలలో చివరి రౌండ్‌లో ఉన్నవాటికి, చేతిలోని ఆఫర్‌ను అంగీకరించవలసిన గడువు ఫలానా తేదీ అని తెలియజేస్తే, నిజంగా కావాలనుకున్నవి నాలుగైదు రోజులలో తేలుస్తాయి. సంతకం చేసిన రోజునే తక్కినవాటికి ప్రక్రియ నుంచి తప్పుకుంటున్నట్లు రెండు వాక్యాల మెయిల్ పంపి, పుస్తకంలో ఆ వరుసలకు ఎదురుగా తేదీతో సహా రాసుకోవాలి.